హాల్లో కొక్కెం

మా మావయ్య చొక్కా కాలర్ని ముక్కుకి ఆనించి కళ్ళు మూసుకున్నాడంటే ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టాల్సిందే. "ఊఁ, ఇంకో రోజు వేసుకోవచ్చు" అంటే ఆ చొక్కా తిరిగి మా ఆయన చేతికొచ్చేది. "సరే, పడెయ్" అంటే బుట్టలోకి పోయేది. ఆఫీసులో పదిమందిని అదిలించే మనిషి, ఇంటికొచ్చి బనీనుతో వాళ్ళ నాన్న ముందు నిలబడి, చొక్కా పాసైందా ఫెయిలైందా అని గుటకలు మింగేవాడు. పెళ్ళైన కొత్తలో నాకు నవ్వాగేది కాదు. వంటింట్లోకి పరిగెత్తి నోట్లో గుడ్డ కుక్కుకునేదాన్ని.

ఎదురుగా ఉంటే మీరు, గారు అంటాను లెండి. వెనకాల మాత్రం ఇంతే. ఇదంతా విన్నాక మీరూ గారు తగిలించరు.

మావయ్య బట్టల మిల్లులో మడతలూ మూటలూ చూసే సూపర్వైజరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సెలవురోజున ఇంటి బట్టలుతకడం ఆయన పని. రిటైరయ్యాక అదే ఉద్యోగమైపోయింది. మగాడు ఇంటిల్లిపాదికీ బట్టలుతుకుతాడంటే వినడానికి ఎంత బావుంటుంది! సంబంధం ఖాయమైన రోజున మా అమ్మ పొంగిపోయింది. "నీ అదృష్టం పండిందే, గుడ్డ జాడించే పని కూడా లేదు" అంది. ఆవిడకేం తెలుసు పాపం.

నిజం చెప్పొద్దూ, పద్ధతంటే పద్ధతే. వెనక బాల్కనీలో రెండు తొట్ల మిషను ఉండేది, ఒకదాంట్లో ఉతకడం, రెండోదాంట్లో పిండడం. ఒకసారి కలిపిన సబ్బునీళ్ళు పారబోయడమంటే ఆ ఇంట్లో హత్య చేసినంత నేరం. ముందు తెల్లవి, అవే నీళ్ళలో లేతరంగులు, అవే నీళ్ళలో ముదురువి, ఆఖర్న కాళ్ళు తుడుచుకునే పట్టాలు. జాడించిన నీళ్ళు బకెట్లలోకి పట్టి బాత్రూములో వాడాలి. తొట్టి నిండందే మిషను తిరక్కూడదు. బట్టలన్నీ తిరగేసి వెయ్యాలి, జిప్పులు పెట్టి వెయ్యాలి, గుండీలు మాత్రం పెట్టకూడదు. సబ్బుపొడికి మందుసీసా మూత కొలత. ఆ మూత మీద కూడా వేలితో గీసి, ఎక్కువైంది మళ్ళీ డబ్బాలో పోసేవాడు.

ఆరెయ్యడం చూడాలి మీరు. చొక్కా కింది అంచు పట్టుకుని ఫటఫటా దులిపి, తలకిందులుగా తాడుకి వేలాడదీసేవాడు. అలా చేస్తే సగం ఇస్త్రీ అక్కడే అయిపోతుందట. మిగతా సగం మా పరుపు కింద. ఎప్పుడూ మడతపెట్టిన ప్యాంట్లు కొన్ని దాని కింద ఉండేవి. మేం అటూ ఇటూ కదిల్తే మడత చెదురుతుందని మావయ్య అనలేదు గానీ, మా ఆయన భయపడి చచ్చేవాడు. కొత్త కాపురం ఎలా సాగిందో మీరే ఊహించుకోండి.

వీధిలో ఆడవాళ్ళందరూ మావయ్యని నెత్తిన పెట్టుకున్నారు. ఎదురింటి టీచరమ్మ అయితే ఏ గుడ్డ కొన్నా ముందు ఆయనకి చూపించేది, రంగు వదులుతుందా, కుంచించుకుపోతుందా అని. ఆయన మడత విప్పి, అంచు లాగి, వెలుతురుకి పట్టి, పెద్ద డాక్టరులా చెప్పేవాడు. ఆవిడ వెళ్తూ వెళ్తూ "మీరు అదృష్టవంతులండీ" అని మా అత్తయ్యతో అనేది. అత్తయ్య నవ్వేది. ఎందుకో ఆ నవ్వు నాకు పంటి కింద రాయిలా తగిలేది.

ఇంతకీ అసలు సంగతి మరకలది. మరకంటే మావయ్యకి ఒళ్ళుమంట. "చెమట అందరికీ పడుతుంది, దుమ్ము గాల్లో ఉంటుంది. మరకంటే మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోకపోవడమే" అనేవాడు. "ఒక్క మరక కోసం విడిగా నీళ్ళు, విడిగా సబ్బు, విడిగా టైము. ఎవరు పెట్టారో వాళ్ళే ఉతుక్కోవాలి." అక్కడితో ఆగినా బానే ఉండేది. వీధి తలుపు తియ్యగానే ఎదురుగా హాలు గోడకి ఓ ఇనప కొక్కెం ఉండేది. బుట్టలో మరకున్న గుడ్డ దొరికిందా, మరక బయటికి కనబడేలా దాన్ని ఆ కొక్కేనికి తగిలించేవాడు. తగిలించి, హాలు మధ్యలో నిలబడి, ఇల్లంతా వినపడేలా "ఎవరిది?" అని అరిచేవాడు. ఎవరి గుడ్డో ఆయనకి తెలీక కాదు. మనం నోటితో చెప్పాలి. "నాదే" అని చెప్పి, అందరి ముందూ వెళ్ళి తీసుకుని, ఉతికి, ఆరాక మళ్ళీ చూపించాలి. మనం ఇంట్లో లేకపోతే వచ్చేదాకా అది అక్కడే వేలాడుతుంది. పార్సిల్ తెచ్చినవాడైనా, చుట్టాలైనా, మీటరు చూసేవాడైనా తలుపు తియ్యగానే ముందు దాన్నే చూడాలి.

నా మొదటి వంతు పెళ్ళైన నెలలోనే వచ్చింది. లేత పసుపు నైటీ మీద టీ ఒలికింది, చూసుకోలేదు. బయటినించి వచ్చేసరికి అది కొక్కేనికి వేలాడుతోంది. దాని కింద సోఫాలో మావయ్య స్నేహితులిద్దరు కూర్చుని బిస్కెట్లు తింటున్నారు.

"ఎవరిది?" అన్నాడు మావయ్య, నా మొహంలోకే చూస్తూ.

తల కొట్టేసినట్టయింది. "నాదే మావయ్యా" అన్నాను.

"పర్లేదమ్మా, అలవాటైపోతుంది" అన్నాడు ఆ స్నేహితుల్లో ఒకడు, మూతి తుడుచుకుంటూ. వాడి మూతి కాలిపోను.

గదిలోకెళ్ళి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "నాన్న అంతేనే. చిన్నప్పుడు నా నిక్కరు తగిలించాడు, నా ఫ్రెండ్స్ అందరూ చూశారు. ఏమైంది, చచ్చానా?" అన్నాడు. చావలేదు. కానీ ఆ మనిషి ఇప్పటికీ చొక్కా విప్పేస్తే గానీ భోజనానికి కూర్చోడు. హోటల్‌కి వెళ్తే కొరివి మింగుతున్నవాడిలా తింటాడు.

నన్ను కాపాడింది అత్తయ్య. మావయ్య రోజూ పొద్దున్నే నడకకి వెళ్ళేవాడు. మర్నాడు ఆయన చెప్పుల చప్పుడు మెట్లు దిగిందో లేదో, అత్తయ్య నన్ను బాత్రూములోకి లాగి, గట్టు వెనకనించి ఓ బిస్కెట్ డబ్బా తీసింది. అందులో సుద్దముక్కలు, ఉప్పు పొట్లం, అరిగిపోయిన పళ్ళబ్రష్షు, గోరంత సబ్బుముక్క ఉన్నాయి.

"చూడమ్మాయ్, ఈ ఇంట్లో బతకాలంటే ఇది నేర్చుకోవాలి" అంది. "నూనె పడితే సుద్దపొడి చల్లి వదిలెయ్, పీల్చేస్తుంది. టీ అయితే వేన్నీళ్ళు. నెత్తురైతే మాత్రం చన్నీళ్ళే. మర్చిపోయి వేన్నీళ్ళు పోశావా, ఉడికి పట్టేస్తుంది. ఇక ఆ గుడ్డ చిరిగేదాకా పోదు."

"మావయ్యకి తెలుసా ఇవన్నీ?"

అత్తయ్య కిసుక్కున నవ్వింది. "ఆయనకెలా తెలుస్తుందే? జన్మలో ఒక్క మరక ఉతికాడా? మనం పోగొట్టి ఇచ్చినవి మిషనులో తిప్పుతాడు. పెద్ద ఉతికేవాడు!"

అలా మొదలైంది మా దొంగ ఉతుకుడు. ఆయన వెళ్ళగానే ఇద్దరం పక్కపక్కనే పీటలేసుకుని కూర్చునేవాళ్ళం. మరక పోగానే ఆ గుడ్డని ఫ్యాను కింద ఆరబెట్టి, ఉతికినట్టు తెలీకూడదని బాగా నలిపి, కాస్త నేలకి రాసి మరీ బుట్టలో పడేసేవాళ్ళం. ఉతికిన గుడ్డని మాపి మళ్ళీ ఉతకడానికి వెయ్యడం! ఆయన పొదుపు పుణ్యమాని ఆ ఇంట్లో ప్రతి గుడ్డా రెండుసార్లు తడిసేది. ఒకసారి గొడుగు మర్చిపోయి మావయ్య సగం దారిలోంచే తిరిగొచ్చాడు. మా ఇద్దరి చేతుల నిండా నురగ. అత్తయ్య చటుక్కున నా నెత్తిన చెంబుడు నీళ్ళు కుమ్మరించి, "అమ్మాయికి తల రుద్దుతున్నానండీ" అని కేకేసింది. "ఆ నీళ్ళు పారెయ్యకండి, బకెట్లో పట్టండి" అన్నాడాయన బయటినించి. తలుపు మూసుకుని కడుపు పట్టుకుని నవ్వాం. ఇక ఆ రాజుగారేమో భోజనాల దగ్గర "చూశారా, ఈమధ్య కొక్కేనికి పనే లేదు, అందరూ దార్లోకొచ్చారు" అని మురిసిపోయేవాడు.

అలా నవ్వుతూ నవ్వుతూనే ఓరోజు అత్తయ్య వదిన సంగతి చెప్పింది. వదినంటే మా ఆయన అక్క. ఇదే ఊళ్ళో ఉంటుంది, అయినా వస్తే ఒక్క పూట, అంతే. వానలో తడిసొచ్చినా సరే, తడి బట్టలు కవర్లో పెట్టి పట్టుకుపోయేదే గానీ ఈ ఇంటి బుట్టలో వేసేది కాదు. ఎంత టెక్కో అనుకునేదాన్ని.

"టెక్కు కాదే" అంది అత్తయ్య, బ్రష్షుతో రుద్దుతూనే. "చిన్నపిల్లప్పుడు, దానికి మొదటిసారి. స్కూల్లో అయింది. దానికేం తెలుసు? భయపడిపోయి స్కర్టు విప్పి బుట్ట అడుగున కుక్కేసింది. ఆయన తీసి తగిలించాడు. నేను లాగెయ్యబోతే చెయ్యి పట్టుకున్నాడు. దాన్నే తియ్యనీ, బుద్ధొస్తుంది అన్నాడు. ఇంతలో దానికి లెక్కలు చెప్పే మేష్టారొచ్చాడు. ఆ మేష్టారి ముందే అడిగాడే, ఎవరిదీ అని."

"చెప్పిందా?"

"చెప్పకపోతే వదుల్తాడా? చెప్పింది, తీసుకుంది. ఆ మేష్టారు తల దించుకుని పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ రాలేదు. అది ఆ రోజునించి నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు." బ్రష్షు కడిగి డబ్బాలో పెట్టింది. "ఆ రోజే ఒట్టేసుకున్నా. నా ఒంటి మరక ఒక్కటి ఆయన చేతికి దొరకనివ్వను. చచ్చినా దొరకనివ్వను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కొక్కెం పీకి ఆయన మొహాన కొట్టలేకపోయారా అన్నాను. "నువ్వు పీకు చూద్దాం" అంది. నేనూ పీకలేదు. ఆయన ముందు నా నోరూ లేవదు, అదీ సంగతి.

కొన్నాళ్ళకి అత్తయ్య లేతరంగు బట్టలు వేసుకోవడం మానేసింది. ఉన్నవన్నీ చింపి తుడుపుగుడ్డలు చేసింది. ఎప్పుడు చూసినా నల్ల నైటీ, లేకపోతే ముదురు ఎరుపు. లోపలి లంగాలు కూడా నల్లవే కుట్టించుకుంది.

"ఈ వయసులో నలుపు మీద ఇంత మోజేంటి అత్తయ్యా?" అని ఏడిపించాను.

"మురికి కనబడదే, నాలుగు రోజులు లాగొచ్చు" అంది.

అది మావయ్య చెవిన పడింది. ఉబ్బితబ్బిబ్బైపోయాడు. "చూసి నేర్చుకోండి! ఇన్నేళ్ళకి నా పద్ధతి దీనికి ఒంటబట్టింది" అని మా ఆయనకి చెప్పాడు, టీచరమ్మని పిలిచి మరీ చెప్పాడు. పెళ్ళైనప్పట్నించీ ఆ మనిషి పెళ్ళాన్ని మెచ్చుకోవడం నేను విన్నది అదొక్కసారే. అత్తయ్య ఆ నల్ల నైటీలో నిలబడి, తల ఊపి, ఆ మెప్పు కూడా పుచ్చుకుంది.

పొద్దున్న పూట ఆవిడ ఉతికేది ఎక్కువైంది. నేను ఎప్పుడో ఓసారి కూర్చుంటే ఆవిడ రోజూ కూర్చునేది. "రోజూ మీకేం మరకలు పడతాయి అత్తయ్యా?" అంటే, "ముసలిదాన్నైపోయాను, చేతులు వణుకుతున్నాయి, తింటుంటే మీద పడుతోంది" అనేది. నన్ను అటు తిరిగి కూర్చోమనేది కూడా. మొహం పాలిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వయసు కదా అనుకున్నాం. ఎవరికి ఏం వచ్చినా వయసు మీదికి తోసెయ్యడం తేలిక కదా.

మావయ్య చేత్తో ఆ కొక్కేనికి ఆఖరిసారి పని పడింది ఓ గళ్ళ దుప్పటితో. హాల్లో దివాను మీద పరిచేది. మధ్యాహ్నాలు దాని మీద అత్తయ్య నడుం వాల్చేది, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని నేను టీవీ చూసేదాన్ని. మావయ్య దాన్ని తీసి బుట్టలో వెయ్యబోతూ ఆగిపోయాడు. విప్పి చూశాడు. తగిలించాడు. అరచేతిలో పట్టేంత మరక, నెత్తురు.

"ఎవరిది?"

మా ఆయన మెల్లిగా గదిలోకి జారుకున్నాడు. నాకు ఆ వారం నెలసరి. ఛీ, ఎంత అజాగ్రత్త అని సిగ్గుతో చచ్చిపోయాను. అత్తయ్య వైపు చూశాను. ఆవిడ కూరలు తరిగే కత్తి చేత్తో పట్టుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి, నావైపే చూస్తోంది. కళ్ళు నీళ్ళతో నిండిపోయి ఉన్నాయి. నామీద జాలనుకున్నాను.

"నాదే మావయ్యా" అన్నాను.

"ఇంకా కొత్త కోడలివేం కాదు. ఒళ్ళు దగ్గర పెట్టుకో" అన్నాడు.

దుప్పటి తీసుకెళ్ళి చన్నీళ్ళలో నానబెట్టి, ఉప్పేసి రుద్ది, చుక్క కూడా లేకుండా పోగొట్టాను. అత్తయ్య బాత్రూము గుమ్మం దగ్గరకొచ్చి నిలబడింది. నోరు తెరిచి ఏదో చెప్పబోయింది. "బాగా పోయిందే" అని మాత్రం అంది. అది నాది కాదని నాకు తెలీదు. ఆవిడకి తెలుసు. తెలిసి, పోయేదాకా చూస్తూ నిలబడింది.

మళ్ళీ నెల తిరక్కముందే, మావయ్య నడకకి వెళ్ళిన టైములో, బాత్రూములో దబ్బుమని చప్పుడైంది. పరిగెత్తాను. అత్తయ్య గోడకి జారబడి ఉంది. కుళాయి పోతూనే ఉంది. బకెట్లో నీళ్ళు చూశాను. ఎర్రగా, చిక్కగా ఉన్నాయి, అందులో నల్ల లంగా మునిగి ఉంది. నన్ను చూడగానే ఆవిడన్న మొదటి మాటేంటో తెలుసా?

"ముందా నీళ్ళు పారబొయ్యి. ఆయనొచ్చేస్తాడు."

ఆస్పత్రిలో పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ నన్నూ, మా ఆయన్నీ, మావయ్యనీ లోపలికి పిలిచింది. గర్భసంచిలో మొదలైన క్యాన్సరట, చాలా దూరం పాకిపోయిందట. నెలసరి ఆగిపోయిన ఇన్నేళ్ళకి ఒక్క చుక్క కనబడినా వెంటనే తీసుకురావాలండీ, అప్పుడే వచ్చుంటే చాలా చెయ్యగలిగేవాళ్ళం అంది. ఇప్పుడు నొప్పి తెలీకుండా చూసుకోవడమే అంది.

"ఏడాది పైనించి పోతోందని ఆవిడే చెప్పారు" అంది డాక్టరమ్మ. "ఇంతకాలం, ఇంత పోతుంటే, కనీసం బట్టల మీదైనా కనబడాలి కదండీ. మీ ఇంట్లో బట్టలెవరు ఉతుకుతారు?"

నేనే అనుకుని ఆవిడ నావైపే నిలదీసినట్టు చూస్తోంది. మావయ్య గొంతు సవరించుకున్నాడు.

"నేనేనండీ" అన్నాడు.

డాక్టరమ్మ ఆయన్ని ఓసారి పైనించి కిందిదాకా చూసింది.

అత్తయ్యని ఇంటికి తీసుకొచ్చి దివాను మీదే పడుకోబెట్టాం, గాలి బాగా వస్తుందని. ఆవేళే మావయ్య సుత్తి పట్టుకుని స్టూలెక్కాడు, కొక్కెం పీకెయ్యడానికి. ముక్కు ఎగబీలుస్తూ ఏడుస్తున్నాడు కూడా.

"ఏం చేస్తున్నారు?" అంది అత్తయ్య.

"పీకేస్తున్నానే. దీన్ని చూడలేను."

"ఉంచండి. నాకు పనుంది దాంతో."

నన్ను పిలిచి తెల్ల లంగాలు కొనుక్కురమ్మంది. నల్లవన్నీ చెత్తలో పడెయ్యమంది. ఎందుకో నాకర్థం కాలేదు. మర్నాడు పొద్దున్న గోడ పట్టుకుని లేచి, విడిచిన తెల్ల లంగా తన చేత్తోనే కొక్కేనికి తగిలించింది. మరక బయటికి కనబడేలా తిప్పి, అంచు సర్ది, వచ్చి పడుకుంది. మావయ్య గబగబా వచ్చి తియ్యడానికి చెయ్యెత్తాడు.

"ముట్టుకోకండి."

"నేను ఉతుకుతానే. నన్ను ఉతకనీ."

"ఎవరు పెట్టారో వాళ్ళే ఉతుక్కోవాలని మీరే కదండీ అన్నారు?" ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. "ఓపికొచ్చినప్పుడు ఉతుక్కుంటాను. అందాకా కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చోండి. అడగరేం? అడగండి, ఎవరిదో."

మావయ్య ఎత్తిన చెయ్యి దించేశాడు.

"నాదేనండీ" అంది ఆవిడే, ఇల్లంతా వినపడేలా.

ఇక రోజూ అదే. పలకరించడానికొచ్చినవాళ్ళందరూ ఆ గుడ్డకెదురుగానే కూర్చున్నారు. టీచరమ్మ వచ్చింది, చూసింది, పళ్ళ సంచి అక్కడే పెట్టి తత్తరపడుతూ వెళ్ళిపోయింది. మావయ్య స్నేహితులొచ్చారు. మూతి తుడుచుకునే ఆయనకి బిస్కెట్ల ప్లేటు నేనే అందించాను. "తీసుకోండి బాబాయ్‌గారూ, అలవాటైపోతుంది" అన్నాను. ఒక్కటి కూడా తినలేకపోయాడు. దాచడమెందుకు, నాకు కడుపు నిండిపోయింది ఆ రోజు.

ఓపికున్నన్నాళ్ళు ఆవిడే పీట మీద కూర్చుని ఉతుక్కుంది. నన్ను నీళ్ళు పట్టనిచ్చేది, అంతే. మావయ్య తలుపు బయట నిలబడి "ఏమే, ఒక్కసారి ఇవ్వవే, ఒక్కటే ఒక్కటి" అని చిన్నపిల్లాడిలా బతిమాలేవాడు. లోపల్నించి కుళాయి చప్పుడే వినబడేది. ఆయనేమీ చెయ్యలేక మా బట్టలు తెచ్చుకుని, ఉతికినవే మళ్ళీ ఉతికేవాడు. తొట్టి నిండకుండానే తిప్పేవాడు. మిషను ఖాళీగా గడగడలాడుతుంటే అత్తయ్య దివాను మీద కళ్ళు మూసుకుని వినేది.

ఓరోజు మా ఆయన ఉండబట్టలేక, "చాల్లేమ్మా, నాన్నని చంపేస్తున్నావు" అన్నాడు.

"నీ నిక్కరు తగిలించినప్పుడు నువ్వు చచ్చావా?" అంది.

వదిన వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి కొక్కెం వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత వాళ్ళ నాన్న వైపు చూసింది. మావయ్య కళ్ళు దించుకున్నాడు. ఆవిడ చెప్పులు విప్పి లోపలికొచ్చి, దివాను అంచున తల్లి పక్కన ముడుచుకుని పడుకుంది. ఆ తర్వాత వెళ్ళలేదు, ఇక్కడే ఉంది. తన బట్టలు మాత్రం తనే ఉతుక్కుంది.

తర్వాత్తర్వాత అత్తయ్యకి లేచే ఓపిక కూడా పోయింది. ఆఖరి లంగా నాచేత తగిలించింది. "ఇది నేను ఉతుక్కోలేనేమోనే" అంది.

"మరి నన్నేం చెయ్యమంటారు అత్తయ్యా?"

"ఏమీ చెయ్యకు" అంది. "నువ్వు ఒకసారి ఉతికావు చాలు."

ఓ మధ్యాహ్నం, వదిన చెయ్యి పట్టుకుని ఉండగానే పోయింది. అందరూ వచ్చారు, ఏడ్చారు, ఎంత మంచి జంటో అన్నారు, వెళ్ళారు. హాల్లో మేం మాత్రం మిగిలాం. కొక్కేనికి గుడ్డ అలాగే ఉంది, మరక ఎండి అట్టకట్టిపోయి. మావయ్య కుర్చీలో కూర్చుని దాన్నే చూస్తున్నాడు. కొడుకు వైపు చూశాడు. కొడుకు కిటికీలోంచి బయటికి చూశాడు. కూతురి వైపు చూశాడు. కూతురు కదల్లేదు. ఆఖర్న నావైపు తిరిగాడు.

"అమ్మాయ్, నువ్వు తియ్యమ్మా. నీకు బాగా వచ్చుగా, అప్పుడు ఆ దుప్పటి..."

మధ్యలో ఆగిపోయాడు. ఆ దుప్పటి మీద మరక ఎవరిదో అప్పుడు తట్టింది ఆయనకి. ఆయన మొహం చూస్తూనే ఉన్నాను, కళ్ళు తిప్పుకోలేదు.

"ఇది నాది కాదు మావయ్యా" అన్నాను.

ఆయన లేచాడు. కొక్కెం మీదనించి గుడ్డ రెండు చేతులతో తీసుకుని, గుండెకి హత్తుకుని, బాత్రూములోకి వెళ్ళాడు. తలుపు వేసుకోలేదు. మాకు కనబడుతూనే ఉంది. అత్తయ్య పీట వేసుకుని కూర్చున్నాడు. బకెట్లో గుడ్డ వేశాడు. రెండు కుళాయిల వైపూ మార్చి మార్చి చూసి, మెడ తిప్పి మావైపు చూశాడు.

"దీనికి ఏ నీళ్ళు పొయ్యాలమ్మా?" అన్నాడు.

బట్టల సంగతులు వీధి వీధంతటికీ చెప్పిన మనిషి. వదినకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరికీ నేర్పింది ఒకావిడే. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఇద్దరం నోరు విప్పలేదు.

ఆయన మళ్ళీ కుళాయిల వైపు తిరిగాడు. ఇంత మొండి మరకకి అదే కావాలనుకున్నాడేమో, వేన్నీళ్ళ కుళాయి పూర్తిగా తిప్పాడు. ఆవిరి లేచి ఆయన మొహం కనబడకుండా పోయింది. చీకటి పడేదాకా రుద్దుతూనే ఉన్నాడు.